ఓడ దిగినవాళ్ల ఇల్లు

మా ఇంట్లో పడకగది ఒకటే. ఈ సంగతి ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం నాకు కొంచెం తేలికవుతుంది. ఒక హాలు, ఆ హాలుకే ఒక చివర వంటగట్టు, ఒక పడకగది, బాత్రూమ్, రెండు కుర్చీలు వేస్తే మూడో మనిషి నిలబడాల్సినంత బాల్కనీ. రెండో అంతస్తు. పోర్ట్ బ్లెయిర్‌లో ఓడలు ఆగే ఫీనిక్స్ బే జెట్టీకి నడిచి పది నిమిషాలు. బ్రోకరు ఇల్లు చూపించిన రోజు వంటగది గురించి గానీ నీళ్ల గురించి గానీ ఒక్క ముక్క మాట్లాడలేదు. నేరుగా బాల్కనీలోకి తీసుకెళ్లి "సీ వ్యూ సార్" అన్నాడు. నేను పుట్టింది చిన్న అండమాన్ దీవిలోని హట్‌బేలో, అల ముందుకొస్తే గుమ్మంలో ఆరేసిన వలలు తడిసే ఇంట్లో. సముద్రం కనిపించడం కూడా ఒక గొప్పేనని ఆయన చెప్పేదాకా నాకు తెలియదు. అయినా తలూపాను, ఎందుకంటే నా భార్యకు ఆ బాల్కనీ నచ్చింది. ఆమె ఈ ఊళ్లోనే బ్రూక్షాబాద్ పిల్ల. వాళ్లింటి కిటికీలోంచి ఎదురింటి రేకులు తప్ప ఏమీ కనిపించవు.

హట్‌బే నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు మాలాంటివాళ్లకు ఓడ తప్ప దారి లేదు. ఆస్పత్రికి రావాలన్నా, పరీక్ష రాయాలన్నా, పెళ్లిబట్టలు కొనాలన్నా, ఒక కాగితం మీద ఆఫీసు ముద్ర వేయించుకోవాలన్నా ఓడెక్కాలి. వచ్చిన పని ఒక్క పూటలో అయిపోయినా తిరుగు ఓడ మూడో రోజుకో నాలుగో రోజుకో ఉంటుంది. అందుకని మా పేటలో ఒక పద్ధతి ఉంది. పోర్ట్ బ్లెయిర్‌లో మనవాడికి ఇల్లుంటే అది ఓడ దిగినవాళ్లందరి ఇల్లు. రావచ్చా అని అడగరు. అడిగితే అవతలివాణ్ణి పరాయివాడిని చేసినట్టు. థర్మకోల్ డబ్బాలో చేపలు, గోనెసంచిలో కొబ్బరికాయలు పట్టుకుని దిగుతారు. వచ్చినవాళ్లలో అందరికంటే పెద్దవాళ్లకు మంచం, ఇంటివాళ్లకు హాల్లో చాప. మా తాళంచెవి కింద టీకొట్టు భయ్యా దగ్గర మేకుకు వేలాడేది. మేమిద్దరం ఉద్యోగాలకు పోయి ఉంటే, వచ్చినవాళ్లు తాళం తీసుకుని, స్నానాలు చేసి, మా బియ్యమే వండుకుని, సాయంత్రం నేను గుమ్మంలోకి రాగానే "రా, కూకో" అని నాకే మర్యాద చేసేవాళ్లు.

నేను దీన్ని ఎప్పుడూ తప్పనుకోలేదు. ఐటీఐ సీటు కోసం వచ్చినప్పుడు జంగ్లీఘాట్‌లో ఒకావిడ ఇంట్లో పదకొండు రోజులు ఉన్నాను. ఆవిడ మాకు చుట్టం కూడా కాదు, మా పేట మనిషికి ఎప్పుడో పొరుగున ఉండేదట, అంతే. వెళ్లే రోజున నా సంచిలో నా చొక్కాలు ఉతికి మడతపెట్టి పెట్టింది. అలా పెరిగినవాడికి తనకంటూ ఒక ఇల్లొచ్చాక తలుపు మూసే హక్కు ఎక్కడుంటుంది? అలా అనుకునేవాణ్ణి.

నా గురించి ఇంకో సంగతి కూడా చెప్పాలి. నాకు కోపం ఎక్కువ, ధైర్యం తక్కువ. బస్సు కండక్టరు మీద, టికెట్ కౌంటర్లో గుమాస్తా మీద, మోటారు బాగుచేస్తానని వచ్చి చెయ్యకుండా పోయినవాడి మీద ఇంతెత్తున లేస్తాను. బోట్ల వర్క్‌షాపులో స్టోర్‌కీపర్‌ని, అడిగినవాడికి అడిగిన బోల్టు లేదని చెప్పడమే నా ఉద్యోగం. ఇంట్లో పెద్దవాళ్ల ముందు మాత్రం నాకు నోరు పెగలదు.

పెళ్లయిన మూడో ఏట నా భార్యకు మొదటిసారి నెల తప్పింది. తెలిసిన పూటే నేను హట్‌బేకి ఫోన్ చేశాను. ఒక్కళ్లకి చేస్తే పేటంతా తెలుస్తుంది, అయినా పదిమందికి చేశాను. నాలుగో నెలలో పోయింది. ఏడాదిన్నర తర్వాత రెండోసారి. ఈసారి ఒక వారం ఆగి చెప్పాను, అదేదో పెద్ద నిగ్రహమైనట్టు. అదీ నాలుగో నెలలోనే పోయింది. పోయిన ప్రతిసారీ పరామర్శ ఫోన్లు. చేసినవాళ్లు అటువైపు ఏడుస్తుంటే, మంచం మీద ఉన్న ఆమె వాళ్లను ఓదార్చేది. ఆ ఫోన్లను నేనే తీసుకెళ్లి ఆమె చెవి దగ్గర పెట్టాను. ఇప్పుడు తలుచుకుంటే నా చేతిని నేనే విరగ్గొట్టుకోవాలనిపిస్తుంది.

ఐదో నెల పడేదాకా కడుపు సంగతి బయటపెట్టకూడదని మా వాళ్లలో ఒక పట్టింపు ఉంది. అమ్మ బతికున్న రోజుల్లో అది వింటే నాకు నవ్వొచ్చేది. రెండు పోయాక నవ్వు పోయింది. మూడోసారి నెల తప్పినప్పుడు నేను ఆ పట్టింపును గట్టిగా పట్టుకున్నాను. ఎవరికీ చెప్పొద్దన్నాను. వాళ్లమ్మకు చెప్పుకుంటానంది, వద్దన్నాను. తను పనిచేసే స్కూల్లో చెప్పకపోతే సెలవు ఎలా పెడతానంది, నడుం నొప్పి అని రాయించాను. నమ్మకం చాలక నా తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాను. ఆమె చెయ్యి పెట్టింది గానీ నా ముఖం వంక చూడలేదు.

డాక్టరమ్మ గర్భం జారకుండా లోపల కుట్టు వేసింది. బాత్రూముకి తప్ప లేవకూడదు, ఏ బరువూ ఎత్తకూడదు, ఐదో నెల పడితే కొంచెం ఊపిరి పీల్చుకోవచ్చు అని చెప్పింది. మంచం కాళ్లవైపు కాస్త ఎత్తు పెట్టమంది. నేను కింద కట్టుబడి జరుగుతున్న చోటు నుంచి రెండు ఇటుకలు అడిగి తెచ్చి కాళ్లవైపు పెట్టాను. వంట నేనే చేసేవాణ్ణి. ఉప్పు ఎక్కువైనా ఏమీ అనకుండా తినేది. మంచం మీద నుంచి ఆమెకు సముద్రం కనిపించదు, గోడ మీద క్యాలెండర్ కనిపిస్తుంది. రోజూ పొద్దున్నే "ఇంకెన్ని?" అనేది. ఐదో నెల పడటానికి ఎన్ని రోజులున్నాయో నేను లెక్కపెట్టి చెప్పేవాణ్ణి.

పద్దెనిమిది రోజులు మిగిలి ఉండగా పెద్దమ్మ ఫోన్ వచ్చింది. పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. అమ్మ పోయాక నా పెళ్లి పీటల దగ్గర కూర్చున్నది ఆవిడే. కంటి ఆపరేషన్ కోసం పోర్ట్ బ్లెయిర్ వచ్చి, ఆస్పత్రి నుంచి ఆ రోజే బయటికొస్తున్నారు. కూడా కొడుకూ కోడలూ, అంటే నాకు అన్నా వదినా, వాళ్ల పిల్లలిద్దరూ. మర్నాడు పొద్దున్నే ఓడ. "ఒక్క రేత్రే నాయనా" అంది. రండి అన్నాను. రండి అన్న తర్వాత గదిలోకి చూశాను.

ఆమె అంతా వింది. "చెప్పేయండి" అంది.

ఒక్క రాత్రే కదా అన్నాను.

"ఒక్క రాత్రికైనా చెప్పండి. ఆవిడ ఏమీ అనుకోదు. నేను లేవను, మీరు చెప్పండి."

నేను క్యాలెండర్ వంక చూశాను. రెండుసార్లూ చెప్పిన తర్వాతే పోయింది. చెప్పకుండా ఇన్నాళ్లు నెట్టుకొచ్చి, పద్దెనిమిది రోజుల ముందు నోరు జారితే ఏమవుతుందో అని నిజంగా వణికిపోయాను. ఇంత చదువుకుని, ఇన్ని యంత్రాల మధ్య పనిచేస్తూ, ఒక మాట బయటికొస్తే ప్రాణం పోతుందని నమ్మాను. వాళ్లు మెట్లెక్కుతున్న చప్పుడు వినిపించేసరికి ఆమె తనే లేచింది. చీర సర్దుకుని, తను పడుకున్న దుప్పటి తీసేసి కొత్తది పరిచింది. పెద్దమ్మ కంటికి పట్టీతో, వదిన భుజం పట్టుకుని వచ్చి ఆ మంచం మీద కూర్చుంది.

"ఇదేటిరా, మంచం ఇలా వాలిపోయినాది. తల కిందకీ కాళ్లు మీదకీ" అంది.

అన్నయ్య వంగి చూసి, ఇటుకలు లాగేసి బాల్కనీలో పెట్టాడు. తల్లి కంటికి ఆపరేషనయింది, తల కిందికి ఉండకూడదు. ఎవరైనా అదే చేస్తారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

మర్నాడు ఓడ కదల్లేదు. బంగాళాఖాతంలో వాయుగుండం, ద్వీపాల మధ్య తిరిగే ఓడలన్నీ కాన్సిల్. జెట్టీలో బోర్డు చూసొచ్చి అన్నయ్య నవ్వుతూ "కోయీ బాత్ నహీ, మీ ఇంటి కూర ఇంకో పూట తింటాం" అన్నాడు. ఆ ఇంకో పూట నాలుగు రోజులు సాగింది. గాలికి బాల్కనీ తలుపు కొట్టుకుంటూనే ఉండేది. వాన వచ్చేది, పోయేది. కుళాయిలో మాత్రం నీళ్లు లేవు. ఊరికి నీళ్లిచ్చే డ్యామ్ ఎండలకు అడుగంటింది కాబట్టి మూడు రోజులకొకసారి పొద్దున్నే నలభై నిమిషాలు వదిలేవాళ్లు. మోటారు కాలిపోయి నెలయింది. కింద కుళాయి దగ్గర పట్టుకుని రెండు అంతస్తులు మోసుకురావాలి.

వాళ్లు చెడ్డవాళ్లయితే ఇది రాయడం ఎంత తేలికయ్యేదో. వదిన వచ్చిన పూట నుంచీ వంటగట్టు దగ్గరే ఉంది, గిన్నెలు కూడా కడిగింది. పిల్లలు అరవకుండా ఒక మూల కూర్చుని నా ఫోన్‌లో ఆటలాడుకున్నారు. పెద్దమ్మ నేను తెచ్చిన మందు చుక్కలు వేయించుకుని, నా తల నిమిరి, నీకు త్వరలో ఒక బిడ్డ పుడతాడులే అని దీవించింది. నేను ఆ దీవెన విని తల వంచుకున్నాను. హాల్లో చాప మీద, గోడవైపు తిరిగి పడుకున్న నా భార్య కూడా విన్నది. మధ్యాహ్నాలు కూడా ఆమె అలా పడుకునే ఉండటం చూసి, పెద్దమ్మ వదినతో మెల్లగా అంటుంటే నా చెవిన పడింది.

"పట్నం కోడలు కదా. మనమొచ్చినాం అని ముఖం సాటేసుకుంటంది."

వినగానే నాకు ఒళ్లు మండిపోయింది. లేచాను, చెప్పులేసుకున్నాను, మెట్లు దిగాను, జెట్టీకి వెళ్లి, ఓడ ఎప్పుడో చెప్పడానికి నీకేం రోగం అని ఎంక్వయిరీ కిటికీలోని కుర్రాడి మీద అరిచి వచ్చాను. నా కోపం అంతా అక్కడ ఖర్చయిపోయింది. ఇంటికొచ్చి పెద్దమ్మకు టీ పెట్టి ఇచ్చాను.

మూడో రోజు సాయంత్రం బాల్కనీలో ఆమె, నేను ఉన్నాం. ఇటుకలు ఆమె పాదాల దగ్గరే ఉన్నాయి. నడుము చుట్టూ లాగుతున్నట్టుందని చెప్పింది. ఇక నావల్ల కాదు, నేనే లోపలికెళ్లి పెద్దమ్మకు చెప్పేస్తాను అంది. అప్పుడు నేనన్న మాట ఇప్పుడు రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ రాయకపోతే ఇదంతా ఎందుకు?

"నా తల మీద ఒట్టేశావు" అన్నాను.

ఆమె లోపలికెళ్లి చాప మీద పడుకుంది.

నాలుగో రోజు పొద్దున ఓడ కదలొచ్చని ఎవరో అన్నారు. టికెట్ల మీద కొత్త తేదీ వేయించుకోవాలి, లైను పెద్దదవుతుందని నేనూ అన్నయ్యా తెల్లారకముందే వెళ్లాం. అది నీళ్ల రోజని నాకు తెలుసు. నీళ్లు ఆరున్నరకు వస్తాయి, ఆలోగా వచ్చేస్తాననుకున్నాను. ఆ రోజు అయిదుంపావుకే వదిలారు. వదిన పిల్లల్ని వెంటబెట్టుకుని బకెట్లతో కిందికి దిగింది. పెద్దమ్మ కూడా ఊరుకోలేదు. ఇన్ని రోజులు కూర్చుని తిన్నాను, ఒక్క బకెట్టయినా తెస్తానని, కంటి పట్టీతోనే మెట్లు దిగింది. ఆపరేషనయిన మనిషి బరువు ఎత్తకూడదని డాక్టరు చెప్పిన మాట మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆవిడ సంగతి పైకి చెప్పుకోవచ్చు కదా. నా భార్య వెనకాలే దిగి, "మీరు బరువు ఎత్తకూడదు పెద్దమ్మా" అని ఆవిడ చేతిలో బకెట్టు లాక్కుంది.

మేము ఎనిమిదింటికి వచ్చాం. మధ్యాహ్నం ఓడ ఉందని చెప్పగానే ఇల్లంతా కళ వచ్చింది. డ్రమ్ము అంచుదాకా నిండి ఉండటం చూసి, వదిన ఎంత కష్టపడిందో అనుకున్నాను. వెళ్లేటప్పుడు నా భార్య గుమ్మం దాకా వచ్చి, పెద్దమ్మ కాళ్లకు దండం పెట్టబోయి, వంగలేక ఆగిపోయింది. పెద్దమ్మ పరవాలేదులే అమ్మా అని ముందుకెళ్లిపోయింది. వాళ్లు మెట్లు దిగాక ఆమె గోడ పట్టుకుని మంచం దాకా నడిచింది. ఇటుకలు పెట్టండి అంది. నేను పెట్టేలోపే చీర తడిసిపోయింది.

ఆటోలో ఆమె నా చెయ్యి పట్టుకోలేదు. సీటు ముందున్న కమ్మీ పట్టుకుంది. సాయంత్రానికి అంతా అయిపోయింది. వార్డు కిటికీలోంచి సముద్రం కనిపిస్తోంది, గాలి పూర్తిగా ఆగిపోయింది. వాళ్ల ఓడ ఆ పాటికి సగం దూరం పోయి ఉంటుంది.

వారం తర్వాత నేను పెద్దమ్మకు ఫోన్ చేశాను. పదిమాటల్లో చెప్పేశాను.

"మంచం కింద ఇటికలు అందుకేనేటి?" అంది.

అవునన్నాను.

"ఏడు బకెట్లు మోసిందిరా. నా సేతిలోంచి లాక్కుని మోసింది. నాను కింద కుళాయి కాడ లెక్కెట్టుకుంటూ సూత్తూ కూకున్నాను. ఒక్క మాట సెప్పుంటే జెట్టీ మీద పడుకుందుం కదరా. మాకేటి, జెట్టీ కొత్తా?"



నా భార్య రెండు నెలలు బ్రూక్షాబాద్‌లో వాళ్లమ్మ దగ్గర ఉండిపోయింది. ఆ రెండు నెలలూ ఫ్లాట్‌లో నేనొక్కణ్ణే. టీకొట్టు మేకు నుంచి తాళంచెవి తీసేశాను. తీసేయాల్సిన అవసరం లేకపోయింది. హట్‌బే నుంచి ఎవరూ రాలేదు. సంగతి పేటంతా తెలిసిపోయి ఉంటుంది. ఒకసారి జెట్టీ వెయిటింగ్ హాల్లో మా పేట మనుషులు సంచులు తలకింద పెట్టుకుని పడుకుని ఉండటం చూశాను. నన్ను చూసి ఒకాయన దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. నన్ను ఇబ్బంది పెట్టకూడదనే అలా చేశాడని నాకు తెలుసు. ఇంటికొచ్చి హాలు మధ్యలో కూర్చుని ఏడ్చాను. ఏడుగురున్నప్పుడు ఊపిరాడని ఇల్లు ఒక్కడికి అంత పెద్దదిగా ఎలా ఉంటుందో నాకు అర్థం కాలేదు.

ఆమె తిరిగొచ్చింది, ఎందుకు తిరిగొచ్చిందో నేను అడగలేదు. వచ్చిన రోజున బట్టలు సర్దుకుంటూ ఒక్కటే మాట అంది.

"మీకు నోరు లేక కాదు. జెట్టీలో ఆ కుర్రాడి మీద అరవడానికి ఉంది. నాకోసం తెరవడానికే లేదు."

చచ్చిపోవాలనిపించింది. ఊరికే అనడం కాదు, ఆ సాయంత్రం బాల్కనీ అంచు పట్టుకుని కిందికి చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. వంట చేయాలి కదా అని గుర్తొచ్చి లోపలికి వచ్చాను.

ఇదంతా జరిగి మూడేళ్లు. నేను ఇది రాస్తున్నట్టు ఆమెకు తెలుసు. ఆమె తెలుగు బాగా మాట్లాడుతుంది గానీ చదవడం కష్టం. చదువంతా హిందీలో సాగింది. రాసినంత మేరకు చదివి వినిపించమంటుంది. మంచం మీద పడుకుని వింటుంది. ఒట్టు దగ్గరకొచ్చేసరికి నేను గబగబా చదవబోతే ఆపి, మళ్లీ మొదటి నుంచి చదివించింది.

ఔను, మంచం మీద పడుకుని. నాలుగోసారి. కాళ్లవైపు అవే రెండు ఇటుకలు. ఈసారి తెలిసిన పూటే ఆమె వాళ్లమ్మకు చెప్పింది, స్కూల్లో చెప్పింది, పక్కింటి దీదీకి చెప్పింది, టీకొట్టు భయ్యాకు కూడా బాల్కనీలోంచి చెప్పింది. చెప్పిన ప్రతిసారీ నా గుండె దడదడలాడింది. నన్ను చూస్తూనే చెప్పింది. పెద్దమ్మకు మాత్రం నువ్వే చెయ్యాలి ఫోన్ అని నన్ను "నువ్వు" అంది, పెళ్లయ్యాక మొదటిసారి, ఆ ఒక్కసారే. చేశాను. పెద్దమ్మ మంచిది నాయనా అని ఫోన్ పెట్టేసింది, దీవించలేదు.

మళ్లీ మే నెల. మళ్లీ డ్యామ్ అడుగంటింది, మళ్లీ మూడు రోజులకొకసారి నీళ్లు. మోటారు గురించి చెప్పి నోరు పాడుచేసుకోను. మొన్న మళ్లీ గాలి లేచి ఓడలు ఆగిపోయాయి. నిన్న సాయంత్రం టీకొట్టు భయ్యా నన్ను ఆపి, మీ హట్‌బేవాళ్లు రెండు రోజుల నుంచీ జెట్టీలో పడుకుంటున్నారు, ఒక ముసలావిడ కంటికి పట్టీ ఉంది అన్నాడు. పైకొచ్చి అన్నయ్యకు ఫోన్ చేశాను. పెద్దమ్మ రెండో కంటి ఆపరేషన్ కోసం వచ్చారట. ఫోన్ చేద్దామంటే అమ్మ వద్దంది అన్నాడు. ఆవిడ ఫోన్ లాక్కుంది.

"నువ్వు రమ్మనకు. రమ్మన్నా రాం. తలుపేసుకో."

నేను పిలవాలో వద్దో తెలియక ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. మంచం మీద నుంచి ఆమె నన్నే చూస్తోంది. "మీరేమంటారో అనండి, నేను వింటాను" అంది.

"రావద్దు పెద్దమ్మా" అన్నాను. "తనకి నాలుగో నెల. లేవకూడదు. మంచం ఇవ్వలేను."

పదేళ్లుగా నా నోట రాని మాట. అన్న తర్వాత నాకు హాయిగా ఏమీ అనిపించలేదు. జెట్టీ సిమెంటు మీద, కొత్త పట్టీతో పడుకున్న మనిషిని రావద్దన్నాను. ఆవిడ "ఆఁ" అంది, అంతే.

ఇవాళ నీళ్ల రోజు. అయిదింటికే లేచి, బకెట్లు పట్టుకుని, కింద కుళాయి చప్పుడు కోసం చెవి పెట్టుకుని కూర్చున్నాను. చప్పుడు వినిపించింది, వెంటనే మెట్ల మీద అడుగుల చప్పుడు కూడా. పై అంతస్తువాళ్లేమో అనుకున్నాను. అడుగులు మా గుమ్మం దగ్గర ఆగాయి. ఏదో బరువైనది నేల మీద ఆనింది. బెల్లు మోగలేదు. అడుగులు దిగిపోయాయి, మళ్లీ వచ్చాయి.

చప్పుడు పూర్తిగా ఆగాక తలుపు తీశాను. గుమ్మం ముందు బకెట్లు వరసగా ఉన్నాయి. రెండు టీకొట్టువి, ఒకటి పక్కింటి దీదీది, మిగతావి పాత పెయింటు డబ్బాలు. జెట్టీలో ఎవరినో అడిగి తెచ్చినట్టున్నాయి. ఒక్కొక్కదాని మీద దుమ్ము పడకుండా అరిటాకు ముక్క. మెట్ల కమ్మీ మీద నుంచి వంగి చూశాను. అన్నయ్య, వదిన అప్పటికే గేటు దాటుతున్నారు. పెద్దమ్మ కింద కుళాయి గట్టు మీద కూర్చుని ఉంది, ఈసారి ఎడమ కంటికి పట్టీ. నన్ను చూసింది. లోపలికి పో అన్నట్టు చెయ్యి ఊపి, గోడ పట్టుకుని లేచి, వాళ్ల వెనకాల నడిచింది.

నేను పిలవలేదు.

"ఎవరండీ?" అంది ఆమె లోపల నుంచి.

ఓడవాళ్లు అన్నాను.

"నీళ్లా? ఎన్ని?"

చూస్తే తెలుస్తూనే ఉంది, అయినా ఒక్కొక్కటీ వేలు పెట్టి లెక్కపెట్టాను.

"ఏడు" అన్నాను.

నేను ఒక్కొక్క బకెట్టూ లోపలికి తెచ్చి, ఒలకకుండా డ్రమ్ములో పోసి, ఖాళీవి గుమ్మం పక్కన బోర్లించాను. గదిలోకి వెళ్లేసరికి క్యాలెండర్ వంక చూస్తూ, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని ఉంది. కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి, తల కిందికి ఉండటం వల్ల.

"ఇంకెన్ని?" అంది.

పన్నెండు రోజులు అని చెప్పాను.